పీహెచ్‌డీ స్కాలర్లకి ఆర్‌పీఈ కోర్సు: 30 గంటల్లో ఏం దొరుకుతుంది, ఏం దొరకదు

కోర్స్‌వర్క్‌లో స్కాలర్లు అన్నిటికంటే తేలిగ్గా తీసుకునే పేపరు ‘రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్’. క్యాంపస్‌లో అందరూ ఆర్‌పీఈ అంటారు. రెండు క్రెడిట్లే కదా, నీతి పాఠాలే కదా, పరీక్ష ముందు రాత్రి తిరగేస్తే చాల్లే అనుకుంటారు. నాలుగేళ్లు గడిచి, థీసిస్ బైండింగ్‌కి ఇచ్చే ముందు ప్లాగ్ రిపోర్టులో (మన రాత వేరేవాళ్ల రాతలతో ఎంత కలుస్తోందో చూపే ప్లేజరిజం రిపోర్టు) 38 శాతం కనబడ్డప్పుడు గుర్తొచ్చేది మాత్రం ఈ పేపరే.

ఈ రివ్యూ యూజీసీ ఇచ్చిన సిలబస్ మీద, అది క్లాసులో ఎలా నడిస్తే పనికొస్తుందన్న దాని మీద. ఫలానా యూనివర్సిటీ క్లాసు బాగుందా లేదా అన్నది ఇక్కడ విషయం కాదు.

2019 చివర్లో యూజీసీ దీన్ని పీహెచ్‌డీ స్కాలర్లందరికీ తప్పనిసరి చేసింది. తెలుగు సాహిత్యమైనా, మెటలర్జీ అయినా అదే సిలబస్. 2022 నవంబరు నాటి పీహెచ్‌డీ నిబంధనల్లో కోర్స్‌వర్క్‌కి కనీసం 12 క్రెడిట్లు ఉండాలన్నారు, అందులో ఇదొకటి. కోర్స్‌వర్క్ గట్టెక్కాలంటే 55 శాతం రావాలి. మొత్తం 30 గంటలు, ఆరు భాగాలు. థియరీకి 15 గంటలు: తత్వశాస్త్రం, నీతి 3, శాస్త్రీయ ప్రవర్తన 5, ప్రచురణ నీతి 7. ప్రాక్టీసుకి మరో 15: ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే ప్రచురణ) 4, ప్రచురణలో అక్రమాలు 4, డేటాబేసులు, మెట్రిక్స్ (పరిశోధన ప్రభావాన్ని కొలిచే అంకెలు) కలిపి 7.

కాగితం మీద పొందిక బాగుంది. వెనక సగానికి కంప్యూటర్లు, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్ లాగిన్ కావాలి. అవి లేని చోట దాన్ని కూడా స్లైడ్ల మీదే లాగించేస్తారు. స్లైడులో స్కోపస్ (పరిశోధన పత్రికల డేటాబేసు) స్క్రీన్‌షాట్ చూపిస్తే స్కోపస్ వాడటం రాదు. ఈ కోర్సు విలువ ముప్పాతిక వంతు ఆ వెనక సగంలోనే ఉంది కాబట్టి, మీ దగ్గర అది ల్యాబ్‌లో జరుగుతుందా, క్లాస్‌రూమ్‌లో జరుగుతుందా అన్నది ముందే కనుక్కోండి.

థియరీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మూడు గంటల్లో తత్వశాస్త్రం నిర్వచనం, శాఖలు, నైతిక నిర్ణయాల స్వభావం అన్నీ చెప్పమంటే ఎవరివల్లా కాదు, వినేవాళ్లకీ ఏమీ మిగలదు. ఆ తర్వాతి ఐదు గంటలు మాత్రం పనికొచ్చేవే. లేని డేటా పుట్టించడం, ఉన్న డేటా మార్చడం, ఒకరి రాత ఎత్తుకురావడం అనే మూడు పెద్ద తప్పులతో పాటు, తప్పని చాలామందికి తెలియనివి కూడా అందులో ఉన్నాయి. ‘సలామీ స్లైసింగ్’ అలాంటిదే. ఒకే గిన్నెడు గుత్తివంకాయ కూరని నాలుగు కప్పుల్లో సర్ది నాలుగు కూరలు వండామని చెప్పడం లాంటిది అది. ఒకే సర్వే, ఒకే 300 మంది, ఒకే ప్రశ్నావళి. ఆడవాళ్ల జవాబులు ఒక పేపరు, మగవాళ్లవి ఇంకోటి, పట్టణాలవి మూడోది. ఒకదానిలో ఇంకోదాని ప్రస్తావన ఉండదు. మేనేజ్‌మెంట్, ఎడ్యుకేషన్ విభాగాల్లో ఇది ఎంత మామూలైపోయిందంటే, తప్పని చెబితే క్లాసులో సగం మంది ఉలిక్కిపడతారు.

పేపర్లలో పేర్ల సంగతి ఆ తర్వాతి ప్రచురణ నీతి భాగంలో వస్తుంది. వైద్య పత్రికల సంపాదకుల కమిటీ ఐసీఎంజేఈ నాలుగు షరతులు పెట్టింది: ఆలోచనలో గానీ డేటా పనిలో గానీ గట్టి పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, చివరి ప్రతిని ఆమోదించాలి, మొత్తం పనికి జవాబుదారీ వహించాలి. నాలుగూ ఉంటేనే రచయిత. ల్యాబ్‌లో మెషీన్ వాడుకోనిచ్చినందుకు, విభాగానికి పెద్ద అయినందుకు పేరు పెట్టకూడదు. సిలబస్ ఇంతవరకు చెబుతుంది. పెట్టమని అడిగింది గైడే అయితే స్కాలర్ ఏం చెయ్యాలో చెప్పదు. దీనికున్న ఒకే ఒక్క మర్యాదైన దారి, పని మొదట్లోనే ‘క్రెడిట్’ (CRediT, కోర్సు క్రెడిట్లతో సంబంధం లేదు) పద్ధతిలో ఎవరి వంతు ఏమిటో రాసుకోవడం. అందులో 14 పాత్రలున్నాయి, నిధులు తేవడం, పర్యవేక్షణ కూడా వాటిలో భాగమే. చాలా పత్రికలు ఇప్పుడు ఆ పట్టిక అడుగుతున్నాయి. అడిగింది పత్రిక కాబట్టి ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

ఇక ప్లాగ్ రిపోర్టు. అందరూ ఈ కోర్సు నుంచి ఆశించేది ఇదే, సిలబస్ దీని సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చింది రెండు గంటలే. కనీసం ఆరు గంటలు ఉండాల్సింది.

2018 యూజీసీ నిబంధనల్లో నాలుగు మెట్లున్నాయి. 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలు మించని గడువులో సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన థీసిస్ ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. క్లాసులో ఇంతవరకు చెబుతారు, పరీక్షలో ఇదే అడుగుతారు. అవే నిబంధనల్లో ఉన్న గమనికని మాత్రం ఎవరూ చదవరు. సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, ముగింపు, సూచనలు స్కాలర్ సొంతవై ఉండాలి, వాటిలో పోలిక అనేదే ఉండకూడదు అని అక్కడ రాసుంది. అంటే మొత్తం 9 శాతమే వచ్చినా, ఆ తొమ్మిదీ ముగింపు అధ్యాయంలోనే పోగుపడితే అది గట్టి థీసిస్ కాదు.

రిపోర్టు చదవడంలో మొదట చూడాల్సింది పైన పెద్దగా కనబడే అంకె కాదు, కింద ఉన్న మూలాల జాబితా. 22 శాతం వచ్చి, అది 44 చోట్ల అరశాతం చొప్పున చెదిరి ఉంటే అది దాదాపుగా ఆ సబ్జెక్టు వాడుక భాషే. 9 శాతం వచ్చి అందులో 7 ఒకే థీసిస్ నుంచి అయితే అది చౌర్యం. రెండోది పాసవుతుంది, మొదటిది వెనక్కొస్తుంది. అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టే చోట జరిగేది ఇదే.

పోలిక ఎక్కువగా పోగయ్యేది పరిశోధన పద్ధతి అధ్యాయంలో. ప్రశ్నావళి తయారుచేశాం, ఎస్‌పీఎస్ఎస్‌లో విశ్లేషించాం, క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటితే నమ్మదగ్గది అనే వాక్యాలు వందల థీసిసుల్లో అవే మాటలతో ఉంటాయి. వాటిని తిరగరాయడానికి కుస్తీ పట్టే బదులు, ఆ వాక్యంలో మీ లెక్క పెట్టండి. ఎన్ని ప్రశ్నలు పెట్టారు, పైలట్‌లో ఎన్ని తీసేశారు, మీకు వచ్చిన ఆల్ఫా ఎంత, ఏ మండలాల్లో ఎంతమందిని కలిశారు. అప్పుడు పోలిక తనంతట అదే పడిపోతుంది, అధ్యాయమూ చదవబుద్ధేస్తుంది.

చెయ్యకూడనివి కూడా చెప్పాలి. యూనివర్సిటీ గేటు బయట జిరాక్స్ షాపుల్లో ‘ప్లాగ్ చెక్’ బోర్డులుంటాయి. అక్కడ ఎవరి లాగిన్‌తో ఎక్కిస్తారో మీకు తెలియదు. ఎక్కించిన ఫైల్ ఆ సాఫ్ట్‌వేర్ భాండాగారంలో నిల్వ అయిపోతే, రేపు అదే సాఫ్ట్‌వేర్‌లో లైబ్రరీ చేసే అసలు తనిఖీలో మీ థీసిస్ మీ థీసిస్‌తోనే నూటికి నూరు కలుస్తుంది. డ్రాఫ్ట్ ఎక్కించేటప్పుడు ‘నిల్వ చేయవద్దు’ అనే ఎంపిక ఉందో లేదో చూసి తీరాలి. చాలా విద్యాసంస్థలకి ఈ సాఫ్ట్‌వేర్ శోధ్‌శుద్ధి పథకం కింద ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూనివర్సిటీ లైబ్రరీలకి సేవలందించే యూజీసీ కేంద్రం) ద్వారా అందుతోంది, మొదట ఉర్కుండ్, తర్వాత డ్రిల్‌బిట్. కాబట్టి లైబ్రేరియన్‌ని అడిగితే ఉచితంగా అయ్యే పనికి బయట డబ్బు పొయ్యడం దండగ.

‘పారాఫ్రేజ్’ చేసిపెట్టే టూల్స్ ఇంకో గొయ్యి. మాటకి మాట పర్యాయపదం వేసుకుంటూ పోతాయవి. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అన్న చోట ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అని పెడతాయి, అంటే దొంగ స్పృహ! బ్రెస్ట్ క్యాన్సర్ ‘బోజమ్ పెరిల్’ అయిపోతుంది. 2021లో కొందరు పరిశోధకులు వీటికి ‘టార్చర్డ్ ఫ్రేజెస్’ అని పేరు పెట్టి, వెతికి పట్టుకోవడం మొదలుపెట్టారు. అవి దొరికి వెనక్కి తీసేసిన పేపర్లు బోలెడు.

తెలుగులో థీసిస్ రాసేవాళ్లకి ఈ కోర్సులో దాదాపు ఏమీ లేదు. సిలబస్ మొత్తం ఇంగ్లీషు రాతని మనసులో పెట్టుకుని తయారైంది, ఆ తేడా మూడు చోట్ల బయటపడుతుంది.

మొదటిది ఫాంటు. డీటీపీ సెంటర్లో అనూ ఫాంట్లలో కొట్టించిన థీసిస్ మనకి తెరమీద తెలుగులాగే కనబడుతుంది. కంప్యూటర్‌కి అది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి. సాఫ్ట్‌వేర్ దాన్ని దేనితోనూ పోల్చలేదు కాబట్టి సున్నా శాతం చూపిస్తుంది. ఆ సున్నాకి అర్థం లేదు. పీడీఎఫ్‌లోంచి ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. తెలుగు అక్షరాలు వస్తే యూనికోడ్, చెత్త వస్తే కాదు. కన్వర్టర్‌తో మార్చవచ్చు గానీ ఒత్తుల దగ్గరా, సంయుక్తాక్షరాల దగ్గరా తప్పులు దొర్లుతాయి, 300 పేజీలూ మళ్లీ ప్రూఫ్ చూడక తప్పదు. అందుకే మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో కొట్టుకోవాలి. యూనికోడ్‌లో ఉన్నా, తనిఖీకి పీడీఎఫ్ బదులు వర్డ్ ఫైల్ ఇవ్వడం మేలు. పీడీఎఫ్ నుంచి తెలుగు బయటికి తీసేటప్పుడు గుణింతాలు చెదిరిపోతుంటాయి.

రెండోది 14 మాటల లెక్క. యాదృచ్ఛికంగా కలిసే మాటలు వరసగా 14 వరకు ఉంటే లెక్కలోకి తీసుకోనక్కర్లేదని నిబంధన. ఇంగ్లీషులో 14 మాటలంటే ఒక ఓ మోస్తరు వాక్యం. తెలుగులో విభక్తులూ కాలాలూ క్రియలోని వ్యతిరేకాలూ మాటకే అతుక్కుని ఉంటాయి. ‘చెప్పకుండా ఉండలేకపోయాడు’ అన్నది రెండే మాటలు, ఇంగ్లీషులో ఐదారు పడతాయి. కాబట్టి తెలుగులో 14 మాటలంటే దాదాపు రెండు వాక్యాలు. పైగా ‘పత్రికను’ని ‘పత్రికని’ చేస్తే, ‘చేశారు’ని ‘చేశాడు’ చేస్తే వరస తెగిపోతుంది, అక్షరాలా కలిస్తేనే పట్టుకునే సాఫ్ట్‌వేర్‌కి అది కొత్త వాక్యమే. మొత్తమ్మీద తెలుగులో వచ్చే శాతం అసలు పోలిక కంటే తక్కువే చూపిస్తుందని పరీక్షకులు గుర్తుపెట్టుకోవాలి.

మూడోది అనువాదం. ఇంగ్లీషు విమర్శ పుస్తకంలోంచి నాలుగు పేజీలు తెలుగులోకి దించి మూలం చెప్పకపోతే అది నికార్సయిన చౌర్యమే. మామూలు తనిఖీలో అది బయటపడటం అరుదు. దీన్ని పట్టుకోగలిగింది చదువుకున్న పరీక్షకుడొక్కడే. సిలబస్ ఈ ఊసే ఎత్తలేదు.

సాహిత్యం వాళ్లకి ఇంకో చిన్న మాట. పద్యాలూ కథల్లోంచి తీసిన భాగాలూ మూలం చెప్పి ఉటంకిస్తే లెక్కలోంచి తీసెయ్యాలి. సాఫ్ట్‌వేర్‌కి అది ఉటంకింపు అని తెలియాలంటే జంట కొటేషన్ గుర్తులుండాలి. మనవాళ్లు పద్యాన్ని మధ్యలో పెట్టి, గుర్తుల్లేకుండా వదిలేస్తారు, అదంతా పోలికలో పడుతుంది. అలాగే చివర ‘ఉపయుక్త గ్రంథసూచి’ అనే శీర్షికని సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టకపోతే ఆ పాతిక పేజీలూ లెక్కలోకి వస్తాయి. గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు నిబంధనల ప్రకారమే మినహాయింపు కాబట్టి అవి లేని ఫైల్ విడిగా చేసి ఇవ్వండి.

దొంగ పత్రికల (డబ్బు తీసుకుని సరైన సమీక్ష లేకుండా అచ్చేసేవి) పాఠం ఈ కోర్సులో బాగా పాతబడింది. 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితాలోంచి ఒక్కసారే 4,305 పత్రికలని తీసేసింది. తర్వాతి ఏడాది నమ్మదగ్గ పత్రికలతో యూజీసీ-కేర్ జాబితా తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసింది. పత్రిక మంచీచెడూ చూసుకునే బాధ్యత ఇప్పుడు సంస్థలదీ స్కాలర్లదీ. అయినా ‘యూజీసీ-కేర్‌లో ఉందో లేదో చూడండి’ అనే స్లైడు మీ క్లాసులో వస్తే ఆశ్చర్యపోకండి. ఇంకా ‘యూజీసీ కేర్ గ్రూప్ 1’ అని వాట్సాప్‌లో ప్రకటనలు పంపే పత్రికలున్నాయి, ఆ ఒక్క ముక్క చాలు వాటిని పక్కన పెట్టడానికి. కాపీరైట్ విధానాలు చూడటానికి సిలబస్ చెప్పే షెర్పా రోమియో కూడా ఇప్పుడు ‘ఓపెన్ పాలసీ ఫైండర్’ అయింది.

జాబితా లేనప్పుడు చూసుకునే పద్ధతి పావుగంట పని. పత్రిక ఐఎస్ఎస్ఎన్ అంకెని (ప్రతి పత్రికకీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో కొట్టి పేరు, వెబ్‌సైట్ కలుస్తున్నాయో చూడాలి. అసలు పత్రిక పేరు, అంకె వాడుకుని వేరే చిరునామాలో నడిచే నకిలీ సైట్లు ఇక్కడే దొరికిపోతాయి. ఐఎస్ఎస్ఎన్ ఉండటమే గొప్పనుకోవద్దు, అది బండికి నంబర్ ప్లేటు లాంటిది, బండి కండిషన్ చెప్పదు. తర్వాత ఆ పత్రికలో ఈ మధ్య వచ్చిన వ్యాసం ఒకటి తీసుకుని దాని డీఓఐని (ప్రతి వ్యాసానికీ ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) డీఓఐ సైట్‌లో పెట్టి తెరవాలి. తెరుచుకోకపోయినా, వేరే వ్యాసం తెరుచుకున్నా అక్కడితో ఆపెయ్యండి. స్కోపస్‌లో ఉన్నామంటే, సభ్యత్వం లేకపోయినా తెరుచుకునే స్కోపస్ ‘సోర్సెస్’ పేజీలో చూడాలి. పేరు దొరికినా ఏ సంవత్సరం వరకు అన్నది చదవాలి, ఎందుకంటే తీసేసిన పత్రికలు కూడా పాత సంవత్సరాలతో అక్కడ కనబడతాయి. స్కాలర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వెబ్ ఆఫ్ సైన్స్‌లో (క్లారివేట్ సంస్థ డేటాబేసు) ఉన్నామంటే క్లారివేట్ మాస్టర్ జర్నల్ లిస్ట్‌లో, ఓపెన్ యాక్సెస్ అయితే ఆ పత్రికల జాబితా డీఓఏజేలో చూడాలి. చివరగా సంపాదకవర్గంలో ఇద్దరి పేర్లు తీసుకుని వాళ్ల యూనివర్సిటీ పేజీల్లో ఈ పత్రిక ప్రస్తావన ఉందేమో చూడండి. రెండు రోజుల్లో సమీక్ష అయిపోతుందని, ఫీజు ఎవరిదో సొంత యూపీఐకి పంపమని అంటే ఇవేవీ చూడక్కర్లేదు కూడా.

ఒక మాట మర్చిపోతున్నారు. 2022 నిబంధనలు థీసిస్ ఇవ్వడానికి ముందు పేపరు అచ్చవ్వాలన్న తప్పనిసరి షరతుని తీసేశాయి. మీ యూనివర్సిటీ సొంతంగా ఆ షరతు కొనసాగిస్తోందేమో ఆర్డినెన్స్ చూసుకోండి. లేకపోతే గడువు తరుముతోందని దొంగ పత్రికకి డబ్బు కట్టే అవసరమే లేదు.

మెట్రిక్స్‌కి ఇచ్చిన మూడు గంటలు సైన్స్ వాళ్లకి సరిపోతాయి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్క ఇలా: 2022, 2023ల్లో పత్రిక 100 వ్యాసాలు వేసింది, వాటిని 2024లో 150 సార్లు ఉదహరించారు, అప్పుడు 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1.5. దీన్ని లెక్కగట్టేది క్లారివేట్. ‘గ్లోబల్’, ‘ఇంటర్నేషనల్’, ‘సైంటిఫిక్’ అని ముందు తోకలు తగిలించుకున్న ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల వైపు చూడకండి. హెచ్-ఇండెక్స్ (కనీసం అన్నేసి ఉదహరణలున్న పేపర్లు ఎన్ని అన్న లెక్క) చేత్తో ఒకసారి వేస్తే మర్చిపోరు: మీ ఆరు పేపర్లకి ఉదహరణలు 25, 12, 7, 4, 4, 1 అనుకుందాం. నాలుగో పేపరుకి నాలుగున్నాయి, ఐదో దానికి ఐదు లేవు, కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. తెలుగు, జానపదం, స్థానిక చరిత్ర చేసేవాళ్లకి ఈ అంకెలు కొరగావు. వాళ్లు ఆ టైములో శోధ్‌గంగలో (భారతీయ థీసిసుల ఆన్‌లైన్ భాండాగారం) తమ అంశం మీద ముందు వచ్చిన థీసిసులు వెతకడం నేర్చుకుంటే నయం. పేరు తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు స్పెల్లింగుల్లో రెండు మూడు రకాలుగానూ వెతకాలి, ఒకే కవి పేరు అక్కడ నాలుగు విధాలుగా ఎక్కి ఉంటుంది.

అసలు లేనివాటి సంగతి. 2019 నాటి సిలబస్ కాబట్టి చాట్‌జీపీటీ లాంటివి దీనిలో లేవు. ఏఐ టూల్‌ని రచయితగా పెట్టకూడదని ప్రచురణ నీతి కమిటీ కోప్ 2023లోనే చెప్పింది. వాడితే ఎక్కడ, ఎలా వాడారో రాయాలి. ఏఐ ఇచ్చిన రిఫరెన్సుల్లో అసలు లేని పేపర్లుంటాయి, ప్రతిదాని డీఓఐ తెరిచి చూడకుండా గ్రంథసూచిలో పెడితే వైవాలో దొరికిపోతారు. సమ్మతి పత్రం మీద కూడా ఏమీ లేదు. గూడేనికి వెళ్లి పాట రికార్డు చేసుకునేవాళ్లు, బుర్రకథ కళాకారుల ఇంటర్వ్యూలు తీసేవాళ్లు ఎవరి దగ్గర, ఏ భాషలో, ఏం చెప్పి అనుమతి తీసుకోవాలి? చదవడం రానివాళ్లయితే సమ్మతిని ఆ రికార్డింగ్‌లోనే మొదట చెప్పించుకోవడం ఒక పద్ధతి. సమీక్షకులకి జవాబు రాయడం, డేటా ఫైళ్లు దాచుకోవడం కూడా లేవు.

పరీక్ష చివర్లో రాతపూర్వకంగా ఉంటుంది. క్విజ్‌లు, అసైన్‌మెంట్లు, చర్చలు కూడా లెక్కలోకి వస్తాయి. సగం ప్రాక్టికల్ అయిన కోర్సుకి నిర్వచనాలు రాయించే పరీక్ష పెడితే, ఆ సగం ఎవరూ చెయ్యరు.

మార్కులు వెయ్యమంటే ల్యాబ్‌లో నడిపిన ఆర్‌పీఈకి 5కి 4, స్లైడ్ల మీద నడిపినదానికి 2. తెలుగు విభాగాలకైతే ల్యాబ్‌లో నడిపినా రెండున్నరే. క్లాసు మొదలయ్యే రోజుకి మీ సినాప్సిస్ వర్డ్ ఫైల్ యూనికోడ్‌లో, పేపరు పంపాలనుకుంటున్న మూడు పత్రికల పేర్లు, ఇంతవరకు పోగేసిన రిఫరెన్సుల జాబితా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్లండి. ప్లాగ్ సాఫ్ట్‌వేర్ చూపించే రెండు గంటల్లో ఎవరిదో నమూనా ఫైల్ ఎక్కిస్తుంటే, నిల్వ చేయవద్దన్న ఎంపిక పెట్టించి మీది ఎక్కించమని అడగండి.